బస్తా మీది మా అత్త

మా మేనత్త పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను కోదాడలో మా కిరాణా కొట్టు ముందు బియ్యం బస్తాలు దింపించుకుంటున్నాను. ఫోన్ చేసింది అత్త కూతురు, మా వదిన. "పొద్దున చాయ తాగింది. గ్లాసు కడిగి బోర్లిచ్చింది. జర నడుం వాలుస్త అని పండుకున్నది, ఇగ లేవలె" అని చెప్పి ఫోన్ పెట్టేసింది. నేను వెంటనే ఏడవలేదు. ముందు వెనక్కి తిరిగి బస్తాలు చూశాను. ప్రతి బస్తా మీదా మా అత్తే ఉంది. రెండు మూడు చోట్ల తలకిందులుగా ఉంది. హమాలీతో వాటిని సరిగ్గా నిలబెట్టించి, షట్టరు దించి, అప్పుడు లోపల కూర్చుని ఏడ్చాను.

చదివేవాళ్లకు ఇది వింతగా ఉంటుంది కాబట్టి వివరంగా చెబుతాను. మీరు ఈ సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల వాళ్లైతే మా అత్తను మీరు చూసే ఉంటారు. తలకు ఎర్ర గుడ్డ కట్టుకుని, కుడిచెయ్యి పైకెత్తి పిడికిలి బిగించి, జబ్బ మీద కొబ్బరికాయంత కండతో, నడుం దాకా మాత్రమే ఉండే ఆ బియ్యం బస్తా బొమ్మ ఆమెదే. బియ్యం అయిపోయాక మీరు ఆ బస్తాను మడతపెట్టి గుమ్మం ముందు వేసి, ఆమె మొఖం మీద కాళ్లు తుడుచుకునే ఉంటారు. అందుకు ఆమె మిమ్మల్ని క్షమించలేదు. ఆ సంగతి మీకు తెలియాలని కూడా ఇది రాస్తున్నాను.

బంగ్లాదేశ్ యుద్ధం నాటి మాట. అత్తకు అప్పుడే కొత్తగా పెళ్లయింది. మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లులో పనికి కుదిరింది. ఉడకబెట్టిన వడ్లను ఆ మిల్లు వెనక గచ్చు మీద ఆరబోసేవాళ్లు. ఆడవాళ్లు వరసగా నిలబడి, పాదాలు ఈడ్చుకుంటూ, ఆ వడ్లలో ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలి. నడిచినకొద్దీ వెనక సాళ్లు పడతాయి, అడుగున ఉన్న తడి గింజలు పైకి వస్తాయి. పైన ఎండ, కింద ఆవిరి. బస్తాలు మొయ్యడం మగ హమాలీల పని. మా అత్త జన్మలో ఒక్క బస్తా ఎత్తలేదు. ఆమె పనంతా కాళ్లతోనే.

అలాంటి మనిషికి అంత కండ ఎలా వచ్చిందంటే, దానికి మిల్లు పెద్ద సేటు కారణం. ఆయన ఎక్కడో ఒక ఇంగ్లీషు పత్రిక చూశాడు. అంతకుముందు జరిగిన ప్రపంచ యుద్ధంలో పై దేశాల ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఆడవాళ్ల బొమ్మలు అందులో ఉన్నాయి. తలకు గుడ్డలు కట్టుకుని, చొక్కా చేతులు పైకి మడిచి, మగవాళ్లు యుద్ధానికి పోతే పోయారు, మేం లేమా అన్నట్టు నిలబడ్డారట. ఆ బొమ్మలు ఊరూరా గోడలకెక్కి వాళ్లకు హీరోయిన్లకంటే ఎక్కువ పేరొచ్చిందట. అది చూడగానే సేటుకు దేశభక్తి పొంగింది. ఆ వారంలోనే మిల్లు తనిఖీకి పెద్దాఫీసరు వస్తున్నాడు కాబట్టి ఇంకొంచెం ఎక్కువే పొంగింది. మన మిల్లు గోడ మీద కూడా అట్లాంటి బొమ్మ ఒకటి ఉండాలని, సూర్యాపేట నుంచి సినిమా బ్యానర్లు గీసే ఆయన్ను పిలిపించాడు.

బొమ్మకు నిలబడమంటే ఆడవాళ్లందరూ కొంగులు కప్పుకుని పారిపోయారు. మా అత్తను ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఆమె గచ్చు చివర వడ్లు తింటున్న పావురాల మీదికి మట్టిపెళ్ల విసరబోతోంది. బొమ్మలాయన వెనక నుంచి "గట్లనే ఉండు, కదలకు" అని కేకేశాడు. ఆమె కాళ్ల దగ్గర పాము ఉందనుకుని చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే బిగుసుకుపోయింది. మీరు ఆ బొమ్మ కళ్లల్లో చూసే తెగువ అంతా ఆ లేని పామును చూసిన భయమే. ఇక కండ సంగతి. ఆయన అప్పుడే టాకీసుకు ఒక కుస్తీ సినిమా బ్యానరు గీసి వచ్చాడు, చెయ్యి ఇంకా ఆ ఊపులోనే ఉంది.

నడుం దాకా గీశాక గోడకు పిడకలు అడ్డొచ్చాయి. అవి మిల్లు వాచ్‌మన్ భార్య కొట్టినవి. సేటు స్వయంగా వచ్చి తియ్యమన్నాడు. "పచ్చిగున్నయి, ఇప్పుడు తీస్తే పలుగుతయి. యుద్ధం అయినంక కాళ్లు గీసుకోండ్రి, నేను రోజూ పొయ్యి ముట్టియ్యాలె గద" అన్నదట ఆవిడ. యుద్ధం తొందరగానే అయిపోయింది. పిడకలు మాత్రం కొడుతూనే ఉంది. అట్లా మా అత్తకు కాళ్లు లేకుండా పోయాయి.

ఆఫీసరు బొమ్మను చూసి మురిసిపోయాడు. ఆ ఏడు మిల్లు క్యాలెండర్ మీదికి అదే బొమ్మ ఎక్కింది. తర్వాత గోనె బస్తా మీద నల్లటి అచ్చుగా, ఆ తర్వాత ప్లాస్టిక్ బస్తా మీద రంగుల్లో వచ్చింది. ఆటోల వెనక స్టిక్కర్లయింది, మహిళా దినోత్సవం ఫ్లెక్సీలకెక్కింది, ఈమధ్య పిల్లల ఫోన్లలో స్టేటస్ కూడా అయింది. అత్త అన్నీ చూసి ఒకటే మాట అనేది. "మొఖం నాది. చెయ్యి ఎవనిదో. కాళ్లు ఎవరియీ లెవ్వు."

ఆ చెయ్యి వల్ల ఆమె పడ్డ కష్టం అంతా ఇంతా కాదు. చుట్టాల ఇంట్లో గ్యాస్ బండ మార్చాలన్నా, పెళ్లిలో గుండిగ దించాలన్నా "అత్తా, జర ఒక చెయ్యి వెయ్యి" అని ఆమెనే పిలిచేవాళ్లు. ఆమె కూరగాయల సంచి కూడా ఆటో డ్రైవరు చేతికిచ్చే మనిషి. మూత బిగుసుకున్న ఆవకాయ సీసా తెచ్చి ఇస్తే, చూసి చూసి పక్కన పెట్టి, "బస్తా మీదున్నామెను అడుగు పోండ్రి" అనేది.

సూర్యాపేటలో ఒకసారి మహిళా దినోత్సవానికి పిలిచి శాలువా కప్పారు. నేనే తీసుకుపోయాను. మైకు ముందు ఒకాయన, ఈ తల్లి యుద్ధకాలంలో బియ్యం బస్తాలు భుజాన మోసి సరిహద్దు దాకా చేర్చిందని, శత్రువుల గుండెల్లో నిద్రపోయిందని చెప్పాడు. చప్పట్లు మోగాయి. అత్త నా వైపు వంగి "ఎవరి గురించి చెప్తున్నడు?" అని అడిగింది. మాట్లాడమని మైకు ఇస్తే లేచి, "నేను సాగర్ డ్యామే దగ్గరికి పోయి సూడలె, సరిహద్దు యాడ సూస్త? నేను పావురాలను కొట్టిన. గవి గూడ తగలలె" అని కూర్చుంది. దానికి ఇంకా ఎక్కువ చప్పట్లు పడ్డాయి.

మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. శాలువా కప్పుతున్నాయన మోచెయ్యి సరిగ్గా అత్త మొఖానికి అడ్డం పడింది. కనిపించేవల్లా కుర్చీ కింద ఆమె పాదాలే. స్టేజీ మీద కాళ్లు ఉక్కపోస్తున్నాయని చెప్పులు విడిచి కూర్చుంది. మా వదిన ఆ పేపరాయన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. అత్త మాత్రం ఆ ముక్క కత్తిరించి అద్దం పక్కన అంటించుకుంది. "పోనీలె, కాళ్లన్నా పడ్డయి" అన్నది.

ఆమెకు ఆ కాళ్లంటే అంత పట్టింపు. వడ్లలోకి దిగే ముందు రెండు పాదాలూ రుద్ది కడుక్కునేది. వంగి ఒక గింజ తీసి కళ్లకద్దుకునేది. అప్పుడు తొక్కేది. మిల్లుల్లో వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్లు వచ్చి, గచ్చు పని పోయి ఎన్నో ఏళ్లయినా కాళ్ల అలవాటు పోలేదు. నడిస్తే పాదాలు ఈడ్చుకుంటూ నడిచేది. పెళ్లి పందిట్లో ఆమె నడిచిన దారిలో తివాచీ ముడతలు పడేది. మేం ఇల్లు కట్టేటప్పుడు తెప్పించిన ఇసుక కుప్పను ఒక మధ్యాహ్నంలో సాళ్లు సాళ్లుగా దున్నేసింది.

ఒక వానాకాలం మా కొట్లో గోధుమలు చెమ్మగిల్లితే కొట్టు ముందు పట్టా వేసి ఆరబోశాను. అత్త ఊరికే ఉంటుందా. కాళ్లు కడుక్కుని దిగింది. అదే సమయానికి మా ఖాతాదారు ఒకావిడ వచ్చి, ముక్కు మీద వేలేసుకుని, "తినేవాటిని కాళ్లతో తొక్కుతారేంటండీ?" అన్నది. అత్త ఆగలేదు. ఈ కొస నుంచి ఆ కొసకు పోయి, తిరిగొచ్చి, ఆవిడ ముందు నిలబడి, "ఇన్నేండ్ల సంది నువ్వు తిన్న బువ్వ ఎవరు తొక్కితే వచ్చిందనుకున్నవ్ బిడ్డా?" అని అడిగింది. ఆవిడ ఆ రోజు గోధుమలు కొనలేదు. బియ్యం కూడా కొనలేదు. ఓ నెల తర్వాత మళ్లీ వచ్చింది. కడుపు కదా, ఎన్నాళ్లు అలుగుతుంది.

ఇక గుమ్మాల ముందు బస్తాల సంగతి. అత్త మిర్యాలగూడలో బస్సెక్కి, నేరేడుచర్ల మీదుగా కోదాడకు వచ్చేటప్పుడు ఒక పెద్ద మూట తెచ్చేది. అందులో తన పాత చీరలతో కుట్టిన బొంత ముక్కలుండేవి. మా వీధిలో ఏ ఇంటి ముందైనా తన బొమ్మ బస్తా కాళ్లు తుడుచుకునే పట్టాగా కనిపిస్తే, అడగకుండా దాన్ని లాగేసి, బదులు ఒక బొంత ముక్క వేసి వచ్చేది. మొదట జనం కొట్లాటకొచ్చారు. తర్వాత కొత్త బొంత కావాలంటే పాత బస్తా గుమ్మం ముందు వేసి పెట్టడం నేర్చుకున్నారు. అత్తకు ఆ గడుసుతనం అర్థం కాలేదనే అనుకుంటాను, లేదా అర్థమయ్యే ఊరుకుంది. "మరి ఇప్పుడు నీ చీరల మీద తుడుచుకుంటున్నరు గద" అని నా భార్య అంటే, "చీర మీద తుడుసుకుంటే ఏమైతది? మొఖం మీద తుడుసుకుంటే కండ్లల్ల మన్ను పడదా" అన్నది.

మా కొట్టుకు వస్తే బస్తా విప్పే పని ఆమెదే. మూతి కుట్టిన దారానికి రెండు కొసలుంటాయి. సరైన కొస పట్టుకుంటే సర్రున ఊడొస్తుంది. రెండోది పట్టుకుంటే ఎంత గుంజినా బిగుసుకోవడమే. నేను ఎప్పుడూ రెండోదే పట్టుకుని, విసుగొచ్చి బ్లేడు తీసేవాణ్ని. ఆమె నా చేతి మీద ఒక్కటేసి, "కోపంతోని గుంజకు అల్లుడా. కొస దొరికితే బస్తా దానంతట అదే ఇప్పుకుంటది" అనేది. చుట్టాల్లో కొట్లాటలు తీర్చేటప్పుడు కూడా ఇదే మాట. నా పెళ్లి సంబంధం ఒకటి చెడిపోయినప్పుడూ ఇదే చెప్పింది. అప్పుడు నాకు వొళ్లు మండింది గానీ, ఇప్పుడు నా భార్యను చూస్తే అత్త మాటే నిజమనిపిస్తుంది.

ఆమెకు జీవితంలో ఉన్న ఒకే ఒక్క కోరిక, ఆ బొమ్మకు కాళ్లు పెట్టించుకోవడం. పెద్ద సేటు బతికుండగా అడిగింది, సూద్దాం అన్నాడు, పోయాడు. కొడుకు మిల్లు చూసుకోవడం మొదలుపెట్టాక చిన్న సేటును పట్టుకుంది. పండుగకొకసారి పోయి ఆఫీసు గది ముందు కూర్చునేది. నేనూ ఒకసారి వెంట ఉన్నాను.

"అవ్వా, నీకు చాయ తాగిపిస్త, చీర పెడ్త. గది మాత్రం అడగకు" అన్నాడు చిన్న సేటు. "బియ్యం అంటే లచ్చిమి. బస్తా మీద కాళ్ల బొమ్మ ఏస్తే ఎవడు కొంటడు?"

"నా కాళ్లు తగలని గింజ మీ నాయిన మిల్లుల నుంచి ఒక్కటన్న బయటికి పోయిందా సేటూ?" అన్నది అత్త. "లచ్చిమి నన్ను ఏమనలె. నువ్వెందుకు భయపడ్తవ్?"

చిన్న సేటు చాయ మాత్రం తెప్పించాడు.

అడగ్గా అడగ్గా, పోయిన ఎండాకాలం ఒప్పుకున్నాడు. హైదరాబాదులో కంప్యూటర్ మీద బొమ్మలు చేసేవాళ్లతో చేయించి నమూనా పంపాడు. అత్త కళ్లజోడు పెట్టుకుని చూసింది. నడుం కింద చక్కటి జరీ అంచు చీర, దాని కింద తెల్లటి పాదాలు, పాదాలకు మడమ ఎత్తు చెప్పులు. ఆ చెప్పులతో వడ్ల కుప్ప మీద నిలబడి ఉంది.

ఆమె మొఖం చూసి నాకు నవ్వు ఆగలేదు. వదిన మాత్రం బతిమాలింది. "ఏవో ఒకటి కాళ్లు పెట్టిన్రు గదనే, ఒప్పుకోరాదు. మల్ల ఎన్నడు చేస్తరో ఏమో."

"చెప్పులేసుకొని వడ్లల్ల నిలబడ్డదంటే నాతోని పనిచేసినోళ్లు నా మొఖాన ఉమ్మేస్తరు" అన్నది అత్త. "గివి పెట్టేకంటె కాళ్లు లేకుంటనే మంచిగున్న." నమూనా వెనక్కి పంపించింది. అదే ఆమె చివరిసారి అడగడం. తర్వాత ఆ మాట ఎత్తలేదు. నేను కూడా ఎత్తలేదు, ఇంకా టైముంది కదా అనుకున్నాను.

అత్త పోయిన రోజు నేను మిర్యాలగూడ చేరేసరికి ఇంటి ముందు జనం నిండిపోయారు. గచ్చు మీద ఆమెతో పనిచేసిన ముసలివాళ్లు, ఇప్పుడు కర్రలు పట్టుకుని నడిచేవాళ్లు, వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నారు. తల దగ్గర ఎవరూ కూర్చోలేదు. స్నానం చేయించేటప్పుడు వదిన ఆ పాదాలను రుద్ది రుద్ది కడిగింది. మడమల పగుళ్లలో నుంచి మట్టి పోవాలన్నట్టు కడిగింది. "చాలమ్మా, ఇగ లే" అని ఎవరో అంటే, "వడ్లల్లకు దిగేముందు గిట్లనే కడుక్కునేది" అన్నది. నేను నవ్వే మనిషిని, నలుగురిలో నన్ను ఏడిపించడం కష్టం. ఆ మాటకు మాత్రం గోడ వైపు తిరగాల్సి వచ్చింది.

పదకొండో రోజు భోజనాలకు బియ్యం చిన్న సేటే పంపించాడు. అత్త మొఖంతో బస్తాలు ఆటోలో దిగాయి. తన దినానికి తనే బియ్యం తెచ్చుకుందని వాడలో వాళ్లు అనుకున్నారు. ఆ పొద్దున వాన పడి పందిట్లోకి వచ్చే దారి అంతా బురదైంది. వంటాయన వేరే ఊరివాడు, అతనికేం తెలుసు. ఖాళీ అయిన బస్తా ఒకటి దులిపి, వచ్చేవాళ్లు కాళ్లు తుడుచుకుంటారని గడప ముందు పరిచాడు.

మొదట చూసింది మా వదిన. తియ్యబోయేసరికి జనం వస్తూనే ఉన్నారు. కానీ తియ్యాల్సిన పని లేకపోయింది. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఆగి, కిందికి చూసి, దాటుకుని లోపలికి పోతున్నారు. కర్ర పట్టుకున్న ముసలివాళ్లను ఇద్దరు అటూ ఇటూ పట్టుకుని దాటించారు. కోదాడ నుంచి మా వీధి వాళ్లు, పాత బస్తా వేసి కొత్త బొంత తీసుకున్న గడుసువాళ్లు, వాళ్లూ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గెంతారు. ఒకాయన జారి పందిరి గుంజను కౌగిలించుకున్నాడు. అయినా బస్తా తొక్కలేదు.

అప్పుడు చిన్న సేటు వచ్చాడు. బురద చెప్పు బస్తా మీద పెట్టబోతుండగా పందిట్లో అందరూ ఒక్కసారి "ఆగు సేటూ" అన్నారు. ఆయన ఒక కాలు గాల్లో పెట్టి ఆగిపోయాడు. ఆయన బొజ్జకు అట్లా నిలబడడం మాటలు కాదు. ద్వారబంధం పట్టుకుని, వంగి కిందికి చూశాడు. కిందినుంచి పిడికిలి బిగించి అత్త చూస్తోంది. కాలు వెనక్కి తీసుకుని, చెప్పులు విడిచి, బురదలో ఒట్టి కాళ్లతో పక్కనుంచి లోపలికొచ్చాడు. వదిన ముందు నిలబడి, "అవ్వ కాళ్ల ఫొటో ఏదన్న ఉన్నదా?" అని అడిగాడు.

అద్దం పక్కన అంటించిన పేపరు ముక్క అప్పుడు పనికొచ్చింది.

కొత్త బస్తాలు పోయిన నెలలో మా కొట్టుకు వచ్చాయి. లారీ దిగుతుంటేనే నేను వెతికాను. పిడికిలి ఉంది, కండ ఉంది, పామును చూసిన కళ్లున్నాయి. నడుం కింద నేత చీర కూడా వచ్చింది. పాదాలు మాత్రం లేవు. చిన్న సేటుకు ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. ఆయన పాపం నీరసంగా చెప్పాడు. కాళ్లు పెట్టిన మాట నిజమే, ఆ పేపర్లో పాదాలు ఉన్నవి ఉన్నట్టు పెట్టించాడు. అయితే బొమ్మ పొడుగైంది. కింద బస్తా అడుగు మడిచి కుట్టేస్తారు కదా, పాదాలు సరిగ్గా ఆ మడతలోకి పోయాయి. వేలకు వేలు అచ్చయ్యాక చూసుకున్నారట. వదినకు చెబితే ముందు తలకొట్టుకుంది, తర్వాత నవ్వడం మొదలుపెట్టింది, ఇద్దరం ఫోన్లో ఆగకుండా నవ్వాం.

నిన్న మా ఇంట్లో ఆ బస్తా ఒకటి ఖాళీ అయింది. నేను దాన్ని వంటింటి గచ్చు మీద వెల్లకిలా వేసి, అడుగు కుట్టు దగ్గర కూర్చున్నాను. బ్లేడు తీసుకోలేదు. మొదటి కొస బిగుసుకుంది. కోపం తెచ్చుకోకుండా రెండోది వెతికి పట్టుకున్నాను. సర్రున ఊడొచ్చింది. మడత విప్పితే పగుళ్ల మడమలతో, వంకర బొటనవేలితో, చెప్పుల్లేని మా అత్త పాదాలు బయటికొచ్చాయి. మడతలో ఇరుక్కున్న కాసిని బియ్యపు గింజలు వాటి మీద రాలాయి. నా భార్య వంగి అందులోంచి ఒక గింజ తీసి కళ్లకద్దుకుంది.